నలభై ఒక్క ఖాళీ గడులు

మూడో రోజు సాయంత్రానికి రత్నమాల కుడిచేతి చూపుడువేలు వాచింది. మౌసు నొక్కిన ప్రతిసారీ కణుపు దగ్గర సూదితో గుచ్చినట్టు ఉంటోంది. అప్పటికి మూడువందల పన్నెండు పేర్లు అయ్యాయి. ఇంకా రెండువేల పైనే ఉన్నాయి.

చెప్పుకోవడానికి అదేమంత పెద్ద పని కాదు. గోదావరి కోతలో ఇళ్ళు పోగొట్టుకున్న లంకవాళ్ళకి ఒక ట్రస్టు ఇళ్ళు కట్టించి ఇస్తోంది. ఏడు లంకల్లో కలిపి రెండువేల మూడువందల పదహారు కుటుంబాలు. ఇంట్లో ఆడమనిషి పేరునే ఇల్లు ఇవ్వాలని ట్రస్టు నియమం. ఆడదిక్కు లేని ఇళ్ళకి మాత్రం మగవాళ్ళ పేరు. ఆ పేర్లకి జాబితాలు రెండు తయారయ్యాయి. మొదటిది వరద రోజుల్లో వలంటీర్లు ఏటిగట్టు మీద నిలబడి, ఎవరు ఏం చెబితే అది నోటుపుస్తకాల్లో రాసుకున్నది. రెండోది నీళ్ళు తీశాక కార్డులు చూసి ఎక్కించినది. రెండింటికీ పొంతన లేదు. అక్కడ సత్తెవతి అని ఉంటే ఇక్కడ సత్యవతి. అక్కడ దుర్గభవాని, ఇక్కడ దుర్గాభవాని.

కొత్తపేట బస్టాండు దగ్గర ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని ట్రస్టువాళ్ళు ఆఫీసు పెట్టారు. దానికి ఇన్‌ఛార్జి నాగదుర్గాప్రసాద్. ముప్పై నాలుగేళ్ళవాడు, మర్యాదస్తుడు, దేనికీ గొంతు పెంచడు. రత్నమాల అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తోంది. రోజూ అమలాపురం నుంచి బస్సులో రావడం, బస్సులో పోవడం.

"రెండు పేర్లూ పక్కపక్క గడుల్లో పెడితే కమిటీవారు చూడరండీ," అన్నాడు ప్రసాద్ పని అప్పగించిన రోజు. "అందరూ పెద్దవాళ్ళు. అక్షరం అక్షరం పోల్చుకునే ఓపిక ఉండదు. కార్డులో పేరొక్కటే ఒక గడిలో పెట్టండి. నోటుపుస్తకంతో తేడా వచ్చిన అక్షరం మాత్రం ఎర్రగా, లావుగా కనపడాలి. మిగతాదంతా మామూలుగా నల్లగానే ఉండాలి."

"గడి మొత్తం ఎరుపు చేసేస్తే సులువు కదండీ సార్."

"మొత్తం ఎర్రగా ఉంటే తేడా ఎక్కడుందో ఎలా తెలుస్తుందండీ?"

అదీ నిజమే. రత్నమాల చేత్తోనే మొదలుపెట్టింది. గడి మీద రెండుసార్లు నొక్కి లోపలికి వెళ్ళడం, తేడా అక్షరం దగ్గర మౌసు ఆనించి లాగడం, రంగు మార్చడం, లావు చేయడం, బయటికి రావడం. రెండు జాబితాల్లోనూ వెతికి పోల్చడంతో కలిపి ఒక్కో పేరుకి నాలుగు నిమిషాలు. అక్షరం పక్కకి జారితే ఐదు.

నాలుగో రోజు పొద్దున్న ఆవిడ బస్సు దిగి మెట్లెక్కేసరికి ప్రసాద్ మొహం అదోలా ఉంది.

"ఏమీ అనుకోకండి రత్నమాల గారూ. లంకల నుంచి కొత్త జాబితా వచ్చింది. వరస మారిపోయింది. కొన్ని పేర్లు కూడా మార్చేరు."

"అయితే ఇప్పటిదాకా చేసినవి?"

ప్రసాద్ సీసాలో నీళ్ళు ఆవిడ వైపు జరిపాడు.

ఆ పూటంతా రత్నమాల ఒక్క పేరు కూడా ముట్టుకోలేదు. వేలికి ఆయింటుమెంటు రాసుకుని కూర్చుంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడితే మళ్ళీ జాబితా మారదని నమ్మకమేమిటి? ఇలాంటిది మనిషి చేయవలసిన పని కాదనిపించింది. ప్రోగ్రామ్ రాయాలి.

ప్రోగ్రామ్ రాయడం ఆవిడకి నలభై నాలుగో ఏట అబ్బిన విద్య. అంతకుముందు ఇరవై ఒక్క సంవత్సరాలు అమలాపురంలో కృష్ణమూర్తి గారి ప్రెస్సులో డీటీపీ చేసింది. శుభలేఖలు, కరపత్రాలు, కల్యాణోత్సవాల పుస్తకాలు. పెళ్ళి పిలుపులు ఫోన్లలోకి వెళ్ళిపోయాక ప్రెస్సు మూతపడింది. మొగుడు మంగరాజు మస్కట్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆరునెలల కంప్యూటర్ కోర్సులో చేరింది. క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు, ఈవిడని ఆంటీ అని పిలిచేవారు. వాళ్ళలో సగం మంది మధ్యలో మానేశారు. ఈవిడ మానలేదు. చేయడానికి ఇంకేమీ లేక మానలేదు, అంతే.

ఎక్సెల్ ఫైళ్ళు తయారుచేసే సరంజామా ఎవరో రాసి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. అందులో ఒక కమాండు ఉంది. పేరుని ముక్కలు చేసి ఇవ్వాలి. నల్ల ముక్క, ఎర్ర ముక్క, మళ్ళీ నల్ల ముక్క. అన్నిటినీ అది ఒకే గడిలో కలిపి కుడుతుంది. రెండు పేర్లనీ పోల్చి, తేడా ఎక్కడుందో పట్టుకుని, ముక్కలు చేసి ఆ కమాండుకి అందించే పని రత్నమాల ప్రోగ్రామ్‌ది. తేడా లేని పేర్లు ఆ కమాండు దాకా పోకుండా మామూలు గడుల్లోకే పోతాయి.

మొదటిసారి నడిపి ఫైలు తెరిస్తే ఆవిడకి కళ్ళు మూసుకోవాలనిపించింది. సత్యవతి కాస్తా 'సత్' అని విరిగి, దాని పక్కన 'య' ఎర్రగా విడిగా నిలబడింది. దుర్గాభవానిలో దీర్ఘం ఒక్కటే ఊడి, చుక్కల సున్న ఒకటి పక్కన పెట్టుకుని ఎర్రగా వేలాడుతోంది. వత్తులన్నీ విడిపోయాయి. గుణింతాలన్నీ రాలిపోయాయి.

ఆవిడకి జరిగింది అర్థమైంది. కంప్యూటరు లెక్కలో 'త్య' ఒక అక్షరం కాదు, మూడు. తకారం ఒకటి, పొల్లు ఒకటి, యకారం ఒకటి. తేడా ఎక్కడ మొదలైతే అక్కడే కోసేసింది. ప్రెస్సులో కొత్తగా చేరినవాళ్ళు పంక్తి పట్టక పదాన్ని విరిచేటప్పుడు ఇలాగే వత్తుని కింది పంక్తిలోకి తోసేవారు. కృష్ణమూర్తి గారు ప్రూఫు మీద ఎర్ర సిరాతో సున్న చుట్టి, "అక్షరాన్ని చంపేశారండీ," అనేవారు.

రెండు రోజులు పట్టింది. అచ్చో హల్లో, దాని వత్తు, దాని గుణింతం, దాని సున్న, అన్నీ కలిపి ఒకటే ముక్క, దాన్ని కోయకూడదు అని ప్రోగ్రామ్‌కి నేర్పింది. మూడో రోజు ఫైలు తెరిస్తే సత్యవతిలో 'త్య' చెక్కు చెదరకుండా ఎర్రగా ఉంది. రత్నమాల చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాకాలం తర్వాత ఒక పని తనకి చేతనైందనిపించింది.

ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తెరమీద పసుపు అక్షరాల్లో హెచ్చరికలు వరసగా పడుతున్నాయి. మొదటి పది చదివింది. ఫోన్ నంబర్లు అంకెల్లా కాకుండా అక్షరాల్లా ఉన్నాయట. ఉంటే ఉండనీ. ఫైలు బాగానే వస్తోంది కదా అనుకుంది. ఆ హెచ్చరికల గోలలో ఎన్ని పేర్లయ్యాయో చెప్పే లెక్క కనపడటం లేదు. వాటి నోరు మూయించే వాక్యం ఒకటి రాసింది. తెర ప్రశాంతమైంది.

ఫైలులో మొదటి రెండువందల పేర్లు వేలు పెట్టి చదివింది. తర్వాత అక్కడొక పేజీ, అక్కడొక పేజీ చూసింది. బస్సు వేళైంది. కళ్ళు మండుతున్నాయి. ప్రసాద్‌కి పంపేసింది.

"అచ్చేసినట్టుందండీ!" అన్నాడు ప్రసాద్ మర్నాడు. ఆ మాటకి ఆవిడ నవ్వింది.

కమిటీ కూర్చుంది. ఇళ్ళు ముందు పోయినవాళ్ళకి ముందు ఇవ్వాలన్నది లెక్క. ఆ వరసలో మొదటి విడత ఆరువందల పేర్లు ఖాయమయ్యాయి. ఖాయమైనవాళ్ళ పక్కన టిక్కు పెట్టి, మొత్తం జాబితాని లంకల్లో బడిగోడల మీద అంటించారు.

తొమ్మిది రోజుల తర్వాత, ఎండ నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం పూట, ఒక ముసలావిడ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఒక్కో మెట్టుకీ ఆగి ఆయాసం తీర్చుకోవడం లోపలికి వినిపిస్తూనే ఉంది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కార్డు.

"పేర్లు రాసే మేడంగారు తమరేనాండీ?"

"నేనేనండి మామ్మగారూ. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. "మాది నల్లమిట్టలంకండి. నా పేరు బుల్లెమ్మండి. బడి దగ్గర కాయితం అంటించేరు కదండీ. దాంట్లో నా నంబరుందండి. మా ఊరి పేరుందండి. నా పేరు మాత్రం లేదండి."

"లేకపోవడమేమిటండి?"

"ఖాళీగా ఉందండి. మా మనవరాలు చదివింది. మామ్మా, నీ గడి తెల్లగా ఉందే అంది. నాకు చదువు రాదు గానండి, తెలుపో నలుపో తెలుత్తాది కదండీ."

రత్నమాల ఫైలు తెరిచింది. పదకొండువందల ఎనభై ఏడో వరస. నంబరు ఉంది, ఊరు ఉంది, ఇల్లు పోయిన తేదీ ఉంది. పేరు గడి ఖాళీ. ఎదురుగా కమిటీవారు రాయించిన మాట ఒకటి ఉంది. "పేరు లేదు. పక్కన పెట్టవలెను."

ఇల్లు పోయిన తేదీ జూలై ఇరవై ఒకటి. అంటే ఆ లంకలో అందరికన్నా ముందు పోయిన ఇళ్ళలో అదొకటి.

"కార్డు ఒకసారి ఇవ్వండి మామ్మగారూ."

కార్డులో పేరు నూకరత్నం. నోటుపుస్తకంలో బుల్లెమ్మ. రత్నమాల రెండు పేర్లనీ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసింది. నూ, క, ర, త్నం. బు, ల్లె, మ్మ. ఒక్క అక్షరం కూడా కలవలేదు. మొత్తం పేరంతా తేడాయే. మొత్తం ఎరుపే. అంటే ఒకటే ముక్క.

ప్రోగ్రామ్‌లో తాను రాసిన నోరు మూయించే వాక్యాన్ని తీసేసి మళ్ళీ నడిపింది. పసుపు వరసలు గలగలా పడ్డాయి. ఈసారి ఒక్కొక్కటీ చదివింది. ఫోన్ నంబర్ల మధ్యలో అక్కడక్కడా వేరే హెచ్చరిక ఉంది. రెండు ముక్కలైనా లేకపోతే కుట్టడం కుదరదు, దీన్ని వదిలేస్తున్నాను అని. ఆ కమాండు గడిలో ఏమీ రాయకుండా పక్క వరసకి పోయింది. చెప్పే పోయింది. ఆ చెప్పడాన్ని తనే వినకుండా చేసుకుంది.

లెక్కపెట్టింది. అలాంటివి నలభై ఒకటి.

"ఏవైందండీ?" అంది బుల్లెమ్మ.

"నా పొరపాటండి మామ్మగారూ. మీ పేరు నా చేతిలోనే పడిపోయింది."

బుల్లెమ్మకి అది అర్థం కాలేదు. "పడిపోతే ఎత్తి రాసేయొచ్చు కదండీ," అంది. అని, అప్పుడు కూర్చుంది.

బుల్లెమ్మని కింద టీ బడ్డీ దగ్గర నీడలో కూర్చోబెట్టి వచ్చి, రత్నమాల ప్రసాద్‌కి అంతా చెప్పింది. అతను పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"పేర్లు ఖాయమైపోయాయండీ. ఊళ్ళో అంటించేశాం కూడా," అన్నాడు. "ఒక పని చేద్దాం. ఈ నలభై ఒక్కరినీ ఆలస్యంగా వచ్చిన దరఖాస్తుల్లో కలిపేద్దాం. రెండో విడతలో చూస్తారు. ఎవరినీ ఎవరూ అడగరు. మీకూ మాట రాదు."

"వీళ్ళు ఆలస్యంగా రాలేదు కదండీ సార్. ఈవిడ ఇల్లు జూలైలోనే పోయింది."

"ఆ సంగతి నాకు తెలీదాండీ? నిజం చెబితే కమిటీ ఏమంటుంది? ప్రోగ్రామ్ ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు అంటుంది. రాసింది మీరు. సరిచూడవలసింది నేను. పైగా వీళ్ళలో కొందరిని మొదటి విడతలో చేరిస్తే, ఇచ్చేశామని చెప్పినవాళ్ళని అంతమందిని దించాలి. వాళ్ళకేం చెబుతాం?"

రత్నమాల ఆ నలభై ఒక్క నంబర్లు రాసుకున్న కాగితం అతని ముందు పెట్టింది.

"కమిటీ ఒప్పుకున్నా, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు కావాలండీ," అన్నాడు ప్రసాద్ మెల్లగా. "ఒక్కొక్కరికీ ఇద్దరు ఇరుగుపొరుగు సంతకాలు. వలంటీర్లు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఈ ఎండల్లో ఏడు లంకలు ఎవరు తిరుగుతారు?"

కాసేపటికి మస్కట్ నుంచి మంగరాజు ఫోన్ చేశాడు. అతను అన్నం తినే వేళకి చేయడం అలవాటు. రత్నమాల జరిగిందంతా చెప్పింది.

"నువ్వు ఊరుకో," అన్నాడతను. "ఆ అబ్బాయి మంచి మాటే చెప్పేడు. నువ్వేం కావాలని చేసేవా? పోయి పోయి నీ తప్పుని నువ్వే చాటించుకుంటావా? ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ ఇంట్లో ఒక్కదానివే కూచుంటావు. గుర్తుంచుకో."

"ఊఁ."

"విన్నావా?"

"విన్నాను."

నిజంగానే విన్నది. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఫోన్ పెట్టేశాక తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. కిటికీలోంచి చూస్తే టీ బడ్డీ దగ్గర బుల్లెమ్మ కొంగు నెత్తిన వేసుకుని, కార్డు కవరు ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద కూర్చునే నిద్రపోతోంది. ఆవిడ పొద్దున్న ఎన్నింటికి బయలుదేరి ఉంటుంది? పంటు ఎక్కి గోదావరి దాటాలి, రెండు బస్సులు మారాలి.

రత్నమాల ప్రసాద్ గదిలోకి వెళ్ళింది. "నేను తిరుగుతానండి సార్," అంది. "నాకు నాలుగు రోజులు ఇవ్వండి. మొత్తం జరిగిందంతా కాగితం మీద నేనే రాసి సంతకం పెడతాను. మీరు సరిచూడలేదని రాయను."

ప్రసాద్ తల వంచుకుని, "అదేదో ఉన్నదున్నట్టే రాయండి," అన్నాడు. "నేను చూడలేదన్నదీ నిజమే కదండీ."

నాలుగు రోజులనుకున్నది ఆరు రోజులు పట్టింది. ఎండాకాలం గోదావరి సన్నబడి, పంటు దిగాక మైలు దూరం ఇసకలో నడవాలి. చెప్పుల్లోకి ఇసక దూరి కాలేది. చెప్పులు విప్పితే ఇంకా కాలేది. నల్లమిట్టలంకకి వెళ్ళిన రోజు బుల్లెమ్మ రేవు దగ్గరే ఎదురుచూస్తూ కనిపించింది. ఎవరిల్లు ఎక్కడో తనే చూపిస్తానంది. కోతకి మిగిలిన గట్టు మీద రేకుల షెడ్లలో, అద్దెగదుల్లో సర్దుకుని ఉన్నారు జనం.

"మీకు బుల్లెమ్మ అని పేరెలా వచ్చిందండి?" అని నడుస్తూ అడిగింది రత్నమాల.

"మా అత్తగారి పేరు కూడా నూకరత్నవేనండి. అత్తగారి పేరు పెట్టి కోడల్ని పిలవరు కదండీ. ఏయ్ నూకరత్నం, గిన్నెలు తోమవే అంటే ఎవరికి తగులుతాది? అందుకని కాపరానికి వచ్చిన రోజే బుల్లెమ్మా అన్నారు." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయిందండి. ఇప్పటికీ ఎవరైనా నూకరత్నం అంటే నేను పలకనండి. ఆవిడ వత్తాదేమో అని చూత్తాను."

నలభై ఒక్కరిలో ముప్పై ఆరుగురు ఆడవాళ్ళు. చాలామందిది ఇలాంటి కథే. అత్తగారి పేరో, ఆడపడుచు పేరో, తోడికోడలి పేరో కలిసిందని పుట్టింటి పేరుని గుమ్మం బయటే విడిచి వచ్చినవాళ్ళు. వాళ్ళ అసలు పేరు ఇరుగుపొరుగుకి తెలీదు. ఒకచోట మొగుడికే తెలీదు. "ఓసి, నీ పేరు మహాలక్ష్మా?" అని ఆయన ఆశ్చర్యపోతే, "మన పెళ్ళి శుభలేఖలో చూళ్ళేదా?" అని ఆవిడ కసురుకుంది. మగవాళ్ళలో ఒకాయన కార్డులో వెంకటసాయిరాం. ఊరంతా దానం అంటారు. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, ఈయన పుట్టగానే పక్కింటివాళ్ళకి దానమిచ్చి మళ్ళీ తెచ్చుకున్నారట.

రత్నమాల అవన్నీ విని నవ్విన చోట నవ్వింది. సంతకాలు తీసుకుంది. సంతకం రానిచోట వేలిముద్ర. ఎవరూ ఆవిడని తిట్టలేదు. చెరుకురసం ఇచ్చారు, కొబ్బరిబొండాం కొట్టిచ్చారు. తిడితే బాగుండుననిపించింది ఒక్కోసారి. ఐదో లంకలో ఒకావిడ గురించి అడిగితే, ఆవిడ ఫాల్గుణంలోనే పోయిందని చెప్పారు. జాబితా అంటించడానికి నెల ముందే. అది తన తప్పువల్ల జరిగింది కాదని రత్నమాలకి తెలుసు. అయినా ఆ వరసకి ఎదురుగా ఆ మాట రాయడానికి, ఇసకలో మిట్టమధ్యాహ్నం, చాలాసేపు పట్టింది.

కమిటీకి ఇచ్చిన కాగితం ఒకటిన్నర పేజీ వచ్చింది. ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో చదువుకున్న ఎవరికైనా తెలిసేలా, ఏ మాటకీ వంకర తిప్పకుండా రాసింది. హెచ్చరికలు వచ్చాయని, వాటిని తానే కనపడకుండా చేసిందని కూడా రాసింది. ప్రసాద్ కింద తన సంతకం కూడా పెట్టాడు.

కమిటీలో ఒక పెద్దాయన అంతా చదివి, "ఎరుపు రంగు లేకపోయినా మాకు ఫరవాలేదు. పేరుంటే చాలు," అన్నాడట. ఆ మాట ప్రసాద్ వచ్చి చెప్పినప్పుడు రత్నమాల తల పైకెత్తలేదు.

నలభై ఒక్కరిలో నలుగురు ఊళ్ళు విడిచి పనులకి పోయారు, ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. ఇద్దరికి కూతుళ్ళ పేరున ఇల్లు ముందే వచ్చింది. ఒకరు లేరు. మిగతా ముప్పై నాలుగు పేర్లు రుజువయ్యాయి. తేదీల లెక్కన వాళ్ళలో పంతొమ్మిదిమంది మొదటి విడతకి వచ్చారు. మొదటి విడతలో చివరన ఉన్న పంతొమ్మిదిమంది రెండో విడతకి పోయారు.

అలా పోయినవాళ్ళలో ఒకావిడ వారం తిరక్కుండా ఆఫీసుకి వచ్చింది. పేరు సత్యదుర్గ. ముప్పై ఏళ్ళుంటాయి. మెట్లెక్కుతూనే గొంతు వినిపించింది.

"మాకు ఇల్లొచ్చిందని కాయితం మీద టిక్కు పెట్టి చూపించేరండీ. ఊరందరికీ చెప్పుకున్నాం. ఉంటున్న గది ఖాళీ చేసేత్తామని చెప్పేశాను. ఇప్పుడు లేదంటే ఎలాగండీ? ఎవరండీ ఇలా చేసింది?"

ప్రసాద్ లేచి, "కమిటీ తీర్మానమండీ, మా చేతిలో…" అనబోయాడు.

"నేనేనమ్మా," అంది రత్నమాల. "మొదట జాబితా తప్పుగా చేసింది నేను. ఇల్లు మీకంటే ముందు పోయినవాళ్ళ పేర్లు ఎగిరిపోయాయి. ఆ ఖాళీలోకి మీ పేరు వచ్చింది."

సత్యదుర్గ ఆవిడని పైనుంచి కిందికి చూసింది. "అయితే మీ తప్పుకి నేనెందుకండీ ఇంకో ఏడాది ఆ అగ్గిపెట్టెలో పడుండాలి? ముందే సరిగ్గా చేసుంటే మాకు ఆశయినా ఉండేది కాదు కదండీ."

"నిజమేనమ్మా."

"నిజమంటే సరిపోద్దాండీ?"

సరిపోదు. రత్నమాల కుర్చీ జరిపింది. సత్యదుర్గ కూర్చోకుండా ఇంకాసేపు మాట్లాడింది. పిల్లల బడి గురించి, ఖాళీ చేస్తామన్న గది గురించి, మళ్ళీ ఉంటామని బతిమాలితే గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు అన్న మాటల గురించి. రత్నమాల మధ్యలో అడ్డు రాలేదు. అన్నీ అయిపోయాక ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు అడిగి, ప్రసాద్ చేత మాట్లాడించింది. రెండో విడత వచ్చేదాకా గది వాళ్ళకే ఉంచుతామన్నారు. సత్యదుర్గ థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని రత్నమాలకీ అనిపించలేదు.

కాంట్రాక్టు పోలేదు. పోతుందనే అనుకుంది గానీ, ఎవరూ ఏమీ అనలేదు. జాబితా ఏదైనా ఇకనుంచి ఇద్దరు చదవాలని మాత్రం ట్రస్టు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ రెండో మనిషి ప్రసాద్. రోజూ మూడింటికి అతను తన కుర్చీ తెచ్చుకుని ఈవిడ బల్ల పక్కన వేసుకుంటాడు. ఆవిడ వరస నంబరు చదువుతుంది, అతను పేరు చదువుతాడు. ఐదువందలు దాటేసరికి ఇద్దరికీ ఆవులింతలు వస్తాయి. అప్పుడు ఆపేసి, కింద బడ్డీ నుంచి టీ చెప్పించుకుంటారు.

ఆ నెలాఖరు ఆదివారం రత్నమాల మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, దీపాల వేళదాకా లేవలేదు. లేచి చూస్తే ఫోన్‌లో మంగరాజు కాల్స్ మూడున్నాయి. తిరిగి చేసింది.

"ఏమైపోయేవు? భయపడి చచ్చేను," అన్నాడతను.

"నిద్రపోయాను. ఆ గడులు ఖాళీ అని తెలిశాక ఇవాళే సరిగ్గా పట్టింది."

"మధ్యాన్నం నుంచా?"

"ఆయ్," అంది రత్నమాల. "ఇంకా నిద్ర వస్తూనే ఉంది. రేపు మాట్లాడదామా?"

అతను సరేనన్నాడు. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, లేచి, వీధి గుమ్మం లైటు వేసింది.